ఎనిమిది తీగల దూరం

పదో కిలోమీటరు బోర్డు దాటగానే టేపక్క మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. ఆమెకు అదొక జబ్బు. స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఆమెది కటింగు పని, మెడలో ఎప్పుడూ కొలత టేపు ఉంటుందనే ఆ పేరు. బల్ల మీద అరవై పొరల గుడ్డ పరిచేటప్పుడు నోట్లో లెక్క ఆగదు, పరుగులోనూ ఆగదు. తన వేగానికి కిలోమీటరుకు తొమ్మిది వందల అరవై అడుగులు. గాలి ఎదురైతే పది ఎక్కువ, కలిసొస్తే పది తక్కువ. అంతకు మించి తేడా వస్తే తప్పు తనది కాదు, బోర్డుదే.

కిందటి రోజంతా దంచికొట్టిన వాన తుంపరగా మారింది. కాలవ గట్టు మీద రోడ్డు నల్లగా మెరుస్తోంది. బూట్లలో నీళ్ళు పచక్ పచక్‌మంటున్నాయి. ఈ హాఫ్ మారథాన్ కోసం క్లబ్బు వాళ్ళు పదకొండు మంది వ్యాను మాట్లాడుకుని, మూడు గంటలు ప్రయాణం చేసి, ముందురోజు సాయంత్రమే ఈ ఊళ్ళో దిగారు. దారి ఆమెకు కొట్టిన పిండే. మైదానం దగ్గర బయల్దేరి, గట్టు వెంబడి పంపుహౌసు దాకా పోయి, దాని గేటు ముందు తెల్లగీత తొక్కి, వెనక్కి రావాలి. పోనూ రానూ ఇరవై ఒక్క కిలోమీటర్ల వంద మీటర్లు. నిరుడు ఇదే దారిలో ఆమెకు రెండు గంటల మీద మూడు నిమిషాలు పట్టింది.

ఈసారి తెల్లగీత రాకముందే ఒక తూము దగ్గర ఎర్ర కోను కనబడింది. అది ఎగిరిపోకుండా చెరో పక్కన ఒక ఇటుక ఆనించారు. రెయిన్‌కోటు వేసుకున్న మనిషి ఈల ఊదుతూ, "తిరగండి, తిరగండి! ముందు నీళ్ళున్నాయి!" అని చేతులూపుతున్నాడు. నిజమే, ముందంతా మోకాటి లోతు నీళ్ళు. ఆ నీళ్ళకు అవతల, ఎక్కడో దూరంగా, పంపుహౌసు గేటు. టేపక్క కోను చుట్టూ తిరిగింది. నోట్లో లెక్క నడుస్తూనే ఉంది. పదకొండో బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆరు వందల యాభై.

ఓసి నీ దుంపతెగ, మూడు వందలు మింగేశానా అనుకుంది. వాన చప్పుడులో లెక్క జారిపోయి ఉంటుందని సర్దిచెప్పుకుంది. తర్వాతి బోర్డుకి మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది వందల అరవై రెండు. ఆ తర్వాతి దానికి తొమ్మిది వందల యాభై ఎనిమిది. లెక్క జారలేదు.

చివరి మలుపు తిరిగాక పెద్ద గడియారం ఎర్రటి అంకెలతో కనబడింది. గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లకు ఆమె గీత దాటింది. నాలుగేళ్ళుగా రెండు గంటల లోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి రావాలని చచ్చీచెడీ పరిగెడుతోంది. వచ్చేసింది. ఎగిరి గంతేయాలి. కాళ్ళు కూడా గంతేయడానికి సిద్ధంగానే ఉన్నాయి. నోట్లో మాత్రం ఆరు వందల యాభై, ఆరు వందల యాభై అని తిరుగుతోంది. మెడలో వేసిన పతకం తీసి జేబులో పెట్టుకుని, నేరుగా ఫలితాల బల్ల దగ్గరికి నడిచింది.

"బాబూ, తిరిగే కోను వెనక్కి తెచ్చారు కదా. మరి స్టార్టు గీత కూడా ఆ మేరకు వెనక్కి జరిపారా?"

గొడుగు కింద కూర్చున్న కుర్రాడు కంప్యూటరు మీంచి తల ఎత్తాడు. "ఎందుకండీ జరపడం?"

"అటు తగ్గింది ఇటు కలపాలిగా. లేకపోతే దూరం తక్కువైపోదూ?"

"మీ టైమెంతండీ?"

"ఒకటీ యాభై ఎనిమిది నలభై."

"బాగా వచ్చింది కదండీ! ఇంకేం కావాలి మీకు?" అన్నాడతను. మనిషి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎక్కువ పరిగెత్తించామని పోట్లాడేవాళ్ళని చూశాగానీ, తక్కువైందని పోట్లాడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. పక్కకి జరగండి, వెనకాల వాళ్ళు తడుస్తున్నారు."

టేపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే, నిజంగానే పాపం జనం తడుస్తున్నారు. పక్కకి జరిగింది.

వ్యానులో పండగలా ఉంది. పదకొండు మందిలో తొమ్మిది మందికి జీవితంలోకెల్లా మంచి టైము వచ్చింది మరి. అరటిపళ్ళూ బిస్కెట్లూ చేతులు మారుతున్నాయి. ముందు సీట్లో ప్రెసిడెంటు గారు పతకం చొక్కా మీదికి వేసుకుని వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఆయనకు కళ్ళజోళ్ళ షాపుంది, అరవై రెండేళ్ళుంటాయి. రెండున్నర గంటల లోపు రావాలని ఆయన పడ్డ పాట్లు క్లబ్బులో అందరికీ తెలుసు. ఇవాళ రెండు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు.

"ఇంకో శుభవార్త," అన్నారాయన. "వచ్చే నెల సముద్రం పక్క ఊళ్ళో జరిగే పెద్ద పరుగుకి ఆడవాళ్ళలో మన క్లబ్బుకి ఉన్నది ఒకే ఒక్క సీటు. ఈ సీజన్లో ఎవరి టైము మంచిదైతే వాళ్ళకే. ఇప్పటిదాకా నర్సమ్మది రెండు గంటల పన్నెండు సెకన్లు. ఆ అమ్మాయికి ఇవాళ ఆస్పత్రిలో డ్యూటీ పడింది, రాలేకపోయింది. కాబట్టి సీటు మన టేపక్కది. కొట్టండి చప్పట్లు!"

చప్పట్లు కొట్టారు. టేపక్క చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"ప్రెసిడెంటు గారూ, దూరం తక్కువైంది. దాదాపు మూడు వందల మీటర్లు. ఎవరి టైమూ టైము కాదు."

అరటిపళ్ళు చేతులు మారడం ఆగింది.

"ఎవరు చెప్పారు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నా అడుగులు చెప్పాయి. అయినా గడియారాలున్నవాళ్ళు ఉన్నారుగా, వాళ్ళని అడగండి. దూరం కూడా చూపిస్తాయిగా అవి."

ఖరీదైన గడియారాలు మూడున్నాయి వ్యానులో. మూడు చేతులూ మెల్లగా టవళ్ళ కిందికి పోయాయి. వెనక సీట్లోంచి ఒకాయన గొంతు సవరించుకుని, "నాది ఇరవై కిలోమీటర్ల ఏడొందల డెబ్బై చూపించింది. చెట్ల కింద ఇవి తప్పు చూపిస్తాయక్కా" అన్నాడు.

"కాలవ గట్టు మీద చెట్లెక్కడున్నాయి?"

"మబ్బులున్నాయిగా."

అందరూ గొల్లున నవ్వారు. టేపక్కకీ నవ్వొచ్చింది, అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు. పతకం పట్టుకుని, "చూడమ్మా, సంతోషంగా ఉన్నవాళ్ళ నోట్లో మన్ను కొట్టకు" అని ముందుకి తిరిగి కూర్చున్నారు. ఆ తర్వాత మూడు గంటలూ ఎవరూ ఆమెకు అరటిపండు అందించలేదు.

* * *

ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు ఆమె టైములన్నీ ఉంటాయి. బట్టల మీద గీతలు గీసే దర్జీ సుద్దతో రాసుకుంటుంది. టైము పక్కన ఒక్క మాట. ఎండ. ఎదురుగాలి. బురద. జ్వరం తగ్గిన వారం. సోమవారం పొద్దున పనికి వెళ్ళేముందు తలుపు తెరిచి, సుద్ద పట్టుకుని నిలబడింది. 1:58 దాకా రాసింది. చెయ్యి ముందుకి సాగలేదు. కొంగుతో తుడిచేసింది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మంచం మీద కూర్చుని పనిముట్ల సంచి సర్దుకుంటూ ఇదంతా చూశాడు.

"రాసుకోవే. నీ బీరువా, నీ సుద్ద. ఎవరొచ్చి చూస్తారు?"

"నేను చూస్తాగా."

"రోజూ చూసి సంతోషపడు."

"పొట్టి చెయ్యి కుట్టిన చొక్కా తొడుక్కుని సంతోషపడమంటే ఎలాగండీ? మణికట్టు కనిపిస్తూనే ఉంటుంది."

అతను నవ్వి సంచి మూతి బిగించాడు. ఈవిడతో ఈ విషయంలో వాదన పెట్టుకుంటే డ్యూటీకి ఆలస్యమవడం తప్ప ఒరిగేదేమీ లేదని ఇరవై రెండేళ్ళ కాపురంలో తెలుసుకున్నాడు.

మధ్యాహ్నం క్లబ్బు వాళ్ళ ఫోను గ్రూపులో జాబితా వచ్చింది. సముద్రం ఊరి సీటు ఎదురుగా ఆమె పేరు, 1:58:40. కింద బొటనవేళ్ళూ పువ్వులూ. నర్సమ్మ కూడా ఒక బొటనవేలు పెట్టింది. టేపక్క ఫోను బోర్లించి, ఆరో క్లాసు నిక్కర్ల పొరల మీద గీత గీసింది. వాళ్ళ వర్క్‌షాపు బల్ల ఆరు మీటర్ల పొడవు. దాని అంచుకి ఇత్తడి స్కేలు బిగించి ఉంటుంది. గుడ్డ టేపులు సాగుతాయి. అందుకే ఆమె ప్రతి నెలా తన మెడలో టేపుని ఆ స్కేలు పక్కన పరిచి చూసుకుంటుంది, అర సెంటీమీటరు సాగినా కత్తిరించి పారేస్తుంది. పొరపాటున ఒక గీత వంకరపోతే పాడయ్యేది ఒక నిక్కరు కాదు, అరవై.

మంగళవారం పని దిగాక కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. ప్రెసిడెంటు గారు ఒక పెద్దావిడకి జోడు పెట్టి, చెవుల వెనక కాడలు ఒత్తి చూస్తున్నారు. కాడ ఒక నూలు పోగంత వంగినా ఒప్పుకోరాయన. తీసి, వేడిచేసి, మళ్ళీ వంచి, మళ్ళీ పెట్టారు. గోడ మీద అద్దాల బీరువాల మధ్య సర్టిఫికెట్టు అప్పుడే ఫ్రేము కట్టించి తగిలించారు.

పెద్దావిడ వెళ్ళేదాకా ఆగి టేపక్క అంది, "నా పేరు తీసేయండి."

"మళ్ళీ మొదలెట్టావా?"

"నర్సమ్మ మండుటెండలో, కొలిచిన దారిలో, పూర్తి దూరం పరిగెత్తింది. ఆ అమ్మాయి సీటు నేనెలా తీసుకుంటానండీ?"

"అది నిర్వాహకులు ఇచ్చిన ఫలితం. నువ్వూ నేనూ ఎవరం కాదనడానికి? ఇన్ని వందల మందిలో ఒక్కరికీ లేని బాధ నీకెందుకు? ఏంటి నీ రుజువు? అడుగులు లెక్కపెట్టావా? కోర్టులో చెప్పు, నవ్వుతారు." ఆయన గుడ్డముక్కతో గాజు కౌంటరు రుద్దడం మొదలుపెట్టారు, అప్పటికే అది తళతళలాడుతోంది. "కొలిచి చూపించు. అప్పుడు మాట్లాడు. లిస్టు శుక్రవారం పంపాలి, అందాకా నీ ఇష్టం."

మూడు గంటల దూరంలో ఉన్న రోడ్డుని పనీపాటా ఉన్న మనిషి ఎవరు కొలుస్తారని ఆయన ధైర్యం. టేపక్క తల ఊపింది.

"సరేనండీ," అంది.

* * *

బుధవారం వర్క్‌షాపుకి సెలవు. ఆమె భర్త కూడా సెలవు పెట్టాడు. సాగని తాడు కావాలని ఆమె అడిగితే, లిఫ్టులకి వాడే సన్నటి ఉక్కుతీగ ముక్కొకటి చుట్టచుట్టి తెచ్చాడు. ముందురోజు సాయంత్రం ఇద్దరూ వర్క్‌షాపు బల్ల మీద ఇత్తడి స్కేలుకి ఆనించి, మూడు బల్లల పొడవూ పైన రెండు మీటర్లూ లెక్కేసి, సరిగ్గా ఇరవై మీటర్ల దగ్గర కత్తిరించారు. రెండు కొసలకీ ఎర్ర దారం కట్టారు.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కారు. ఆమె పరుగు బూట్లు తొడుక్కునే బయల్దేరింది. అతను వాటి వంక చూసి, "కొలవడానికి ఆ బూట్లెందుకే?" అన్నాడు. "చెప్పులు కరుస్తున్నాయండీ" అంది. అతను నమ్మలేదు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి కళ్ళు మూసుకున్నాడు.

వాన ఆనవాళ్ళు లేవు. బస్సు దిగి ఆటోలో తూము దాకా వచ్చేసరికి, ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. గట్టు మీద దుమ్ము లేస్తోంది. నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి, పంపుహౌసు గేటు ముందు తెల్లగీత శుభ్రంగా కనబడుతోంది. తూము దగ్గర రెండు ఇటుకలు అలాగే పడి ఉన్నాయి. కోను తీసుకెళ్ళినవాళ్ళు ఇటుకల్ని ఎందుకు మోస్తారు?

ఆమె తీగ కొసని ఇటుకల దగ్గర బొటనవేలితో నొక్కి పట్టింది. అతను రెండో కొస పట్టుకుని నడిచి, నిలబడే బిగించి లాగాడు.

"అలా కాదు. మోకాళ్ళ మీద కూర్చోండి. తీగ నేలకి ఆనాలి."

"ప్యాంటు పాడవుద్దే."

"ఉతుకుతాలెండి."

అతను కూర్చున్నాడు. ఆమె కొసకి సుద్దతో గీత గీసింది. లేచి నడిచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ గీత. ఐదో తీగకి ఇద్దరి మోకాళ్ళూ ఎర్రబడ్డాయి. పంపుహౌసు ఆపరేటరు గేటు తీసుకుని బయటికి వచ్చాడు, చేతిలో గ్రీజు గుడ్డ.

"ఏం కొలుస్తున్నారమ్మా? రోడ్డేస్తున్నారా?"

"లేదన్నా. ఆదివారం పరుగు జరిగిందిగా. కోను ఎంత వెనక్కి పెట్టారో చూస్తున్నాం."

"ఓ, అదా! నేనే చెప్పా వాళ్ళకి, ఇక్కడ నీళ్ళున్నాయి, మనుషులు జారిపడతారని. వెంటనే కోను అక్కడ పెట్టారు. స్టార్టు కూడా వెనక్కి జరపాలని ఒకాయన ఫోను స్పీకర్లో పెట్టి అరిచాడు. అటు పక్కాయన ఏమన్నాడో తెలుసా? బ్యానరు స్తంభాలకి కట్టేశాం, వానలో ఇప్పుడెవడు విప్పుతాడు అన్నాడు." ఆపరేటరు నవ్వాడు. "అంతే. ముడి విప్పడానికి బద్ధకం."

టేపక్క గీత మీద చెయ్యి అలాగే ఉంచి విన్నది. వందల మంది పరుగు ఒక తడిసిన ముడి దగ్గర పొట్టిదైపోయింది. ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి తిట్టింది, బాగా తిట్టింది. ఆపరేటరు చెవులు మూసుకున్నాడు.

ఎనిమిది తీగలు, పైన ఒక మీటరు. నూట అరవై ఒకటి. పోవడం ఒకసారి, రావడం ఒకసారి, మూడు వందల ఇరవై రెండు మీటర్లు. తన వేగానికి నిమిషం యాభై సెకన్లు. ఒకటీ యాభై ఎనిమిది నలభైకి అది కలిపితే రెండు గంటల ముప్పై సెకన్లు. రెండు గంటల లోపు కాదు. నర్సమ్మ కంటే మెరుగు కూడా కాదు.

ఆమె తెల్లగీత మీదే చతికిలబడింది. తెలిసిన సంగతే. అయినా కొలిచి చూసుకున్నాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త పక్కన కూర్చుని తీగ చుట్టచుట్టాడు.

"పోనీలే, బస్సుకి టైముంది. ఏదైనా తిందాం పద."

"మీరు మైదానం దగ్గర బడ్డీ కొట్టాయన్ని అడిగి సైకిలొకటి తీసుకోండి," అంది ఆమె లేచి, బూట్ల లేసులు బిగిస్తూ. "నీళ్ళ సీసాలు రెండు."

"ఒసేయ్, పిచ్చా నీకు? ఎండ చూడు!"

"చూశా."

"ఈ ఎండలో రెండు గంటల లోపు ఎలా వస్తావే?"

"రానండీ. రానని తెలుసు. అయినా నేను పరిగెత్తానంటే మొత్తం పరిగెత్తానని ఉండాలి."

వచ్చిన ఆటోలోనే మైదానానికి తిరిగి వెళ్ళారు. అక్కడ బ్యానరు కట్టిన స్తంభాలకి తాడు ముడులు ఇంకా వేళ్ళాడుతున్నాయి. ఆ రెంటి మధ్యనుంచి ఆమె తొమ్మిదిన్నరకి బయల్దేరింది. చూసేవాళ్ళు లేరు. ఈలలు లేవు. ఎదురుగాలి దుమ్ము తెచ్చి మొహాన కొడుతోంది. కిలోమీటరు బోర్డులు లేవు కాబట్టి తొమ్మిది వందల అరవైకొకసారి తనే బోర్డు. ఆరో కిలోమీటరుకి గొంతు ఎండిపోయింది. ఎనిమిదో దానికి అడుగులు చిన్నవయ్యాయని, లెక్క తొమ్మిది వందల ఎనభైకి పెంచింది. వెనక సైకిలు కిర్రుకిర్రుమంటోంది. అతను తొక్కడం మానేసి చాలా ఏళ్ళైంది. ఆమెకంటే ఎక్కువ రొప్పుతున్నాడు.

ఇటుకల దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వాటంతటవే తిరగబోయాయి. తిరగనివ్వలేదు. సుద్ద గీతలు ఒక్కొక్కటే కింద నుంచి పోతున్నాయి, ఒకటి, రెండు, మూడు. ఎనిమిది. తెల్లగీతని బూటుతో టప్పున తొక్కింది. గేటులోంచి ఆపరేటరు చప్పట్లు కొట్టాడు. తిరుగు దారంతా గాలి వీపున తోసింది గానీ, ఎండ నెత్తిన కూర్చుంది.

స్తంభాల మధ్య ఆగినప్పుడు అతను సైకిలు కింద పడేసి, చేతి గడియారం ఆమె మొహం ముందు పెట్టాడు. రెండు గంటల నాలుగు నిమిషాల పది సెకన్లు.

"ఎంత?" అంది ఆమె, కళ్ళలోకి చెమట పోయి కనబడక.

"నాలుగు నిమిషాలు ఎక్కువ."

ఆమె స్తంభాన్ని పట్టుకుని పడీపడీ నవ్వింది. అతనికి భయమేసి, సీసాలో మిగిలిన నీళ్ళన్నీ ఆమె నెత్తిన పోశాడు.

* * *

గురువారం సాయంత్రం షాపులో నలుగురు ఉన్నారు. టేపక్క సంచిలోంచి తీగ చుట్ట తీసి గాజు కౌంటరు మీద పెట్టింది. ఠంగున మోగింది.

"ఎనిమిది తీగలు, పైన ఒక మీటరు," అంది. "రెట్టింపు చేస్తే మూడు వందల ఇరవై రెండు. నమ్మకపోతే ఆ పంపుహౌసాయన నంబరు ఉంది, మాట్లాడండి. బ్యానరు ముడి విప్పడానికి బద్ధకమేసి స్టార్టు జరపలేదట."

ప్రెసిడెంటు గారు నలుగురి వంకా చూసి గొంతు తగ్గించారు. "ఇక్కడ కాదమ్మా. బేరాలున్నాయి."

"మీరే కొలిచి చూపించమన్నారు."

"అన్నాను. ఇప్పుడేమంటావు? రేపు నీ పేరు పంపాలి. అందరూ ఒప్పుకున్నారు, నర్సమ్మ కూడా. నువ్వొక్కదానివి కాదంటే మిగతావాళ్ళంతా దొంగలనేగా అర్థం?" ఆయన గోడ మీది ఫ్రేము వైపు చెయ్యి చూపించారు. "నేను దొంగనా? అరవై రెండేళ్ళకి మొదటిసారి వచ్చింది నాకు!"

"మీరు దొంగని ఎవరన్నారండీ? వాళ్ళు కోను ఎక్కడ పెడితే అక్కడే తిరిగాం మనం. అందులో తప్పు లేదు. తెలిశాక గోడకి తగిలించుకోవడమే తప్పు."

కౌంటరు మీద అద్దం కింద లిస్టు కాగితముంది. ఆమె అద్దం ఎత్తి కాగితం బయటికి లాగింది. కొలతలు రాసే పెన్సిలు చెవి మీద ఎప్పుడూ ఉండేదే. తన పేరు పక్కన 1:58:40 మీద అడ్డంగా గీత కొట్టి, 2:04:10 అని రాసింది. రాసేటప్పుడు పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది. మిగిలిన ముక్కతోనే పూర్తిచేసింది.

"ఇది నా టైము. నిన్న పరిగెత్తాను, ఎండలో, తెల్లగీత దాకా. దీనికి సీటు వస్తుందంటే ఇవ్వండి, వెళ్తాను."

ఆయన కాగితం వంక గుడ్లప్పగించి చూశారు. జోడు కొనడానికొచ్చిన నలుగురూ కూడా చూశారు. టేపక్క తీగ చుట్ట సంచిలో వేసుకుని, మెట్లు దిగి వచ్చేసింది. 

శుక్రవారం మధ్యాహ్నం నర్సమ్మ డ్యూటీ దుస్తుల్లోనే వర్క్‌షాపుకొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటక్కా ఇది? పొద్దున ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు, నా పేరు పంపుతున్నామని. నా మీద జాలా? నీ దయ నాకక్కర్లేదు. సీటు పోతే పోయింది, వచ్చే ఏడు తెచ్చుకునేదాన్ని."

"నీ మీద జాలేంటే పిచ్చిమొద్దూ?" టేపక్క కత్తెర ఆపలేదు. "నిన్ను ఓడించాలని నాలుగు నెలలుగా చస్తున్నా. ఓడిస్తే ఇరవై ఒక్క కిలోమీటర్ల వంద మీటర్ల మీద ఓడిస్తా. ముక్క తక్కువ దాని మీద గెలిచి నీ మొహం ఎలా చూడను?"

నర్సమ్మ బల్ల అంచుకి ఉన్న ఇత్తడి స్కేలు మీద వేలు రాసింది.

"బొటనవేలు పెట్టానుగానీ, సోమవారం బాత్రూంలో కూర్చుని ఏడ్చానక్కా," అంది.

"మరి ఏడుపు పెట్టొచ్చుగా గ్రూపులో? అదీ ఉంది బొమ్మ."

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. "రెండు గంటల నాలుగా? మరీ అంతేంటక్కా?"

"పోవే. ఎండలో నువ్వు పరిగెత్తు, తెలుస్తుంది."

"నేను ఎండలోనే పరిగెత్తా," అని నర్సమ్మ వెళ్ళిపోయింది. అది నిజమే. టేపక్క మళ్ళీ గుడ్డ మీదికి వంగింది.

ఆ సాయంత్రం ఆమె బీరువా తెరిచి రాసుకుంది. 2:04:10. పక్కన, ఎండ, ఎదురుగాలి, పూర్తి దూరం. తలుపు మీద అంతకంటే మంచి టైములు ఎన్నో ఉన్నాయి. దీన్ని కాస్త పెద్ద అక్షరాలతో రాసింది.

శనివారం పని దిగే వేళకి ప్రెసిడెంటు గారు వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడూ రాని మనిషి. చేతిలో పాత పేపరు చుట్టిన పలకలాంటిదేదో ఉంది. ఫ్రేమని ఆకారం చూస్తేనే తెలిసిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. గుడ్డ బేళ్ళ వంక, బల్ల వంక, ఇత్తడి స్కేలు వంక చూశారు.

"మా షాపు గోడకి చెమ్మ పట్టింది," అన్నారు. "తీసేశాను."

"అలాగాండీ."

"రేపు ఆదివారం ఖాళీగానే ఉన్నాను. మొదటి బస్సు ఎన్నింటికి?"

"నాలుగూ నలభైకండీ."

ఆయన ఫ్రేము ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "నువ్వు కొలిచావు, కాదనను. అయినా నా కళ్ళతో నేను చూసుకోవాలి. ఆ సుద్ద గీతలు ఉంటాయా ఇంకా?"

"దర్జీ సుద్ద కదండీ, గాలికే పోతుంది." ఆమె బల్ల కిందికి వంగి, సంచిలోంచి తీగ చుట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. కొసలకున్న ఎర్ర దారాలు చూపించింది. కొత్త సుద్ద ముక్క కూడా ఇచ్చింది. "ఇటుకలు అక్కడే ఉన్నాయి, తూము పక్కన. రెండో కొస పట్టడానికి పంపుహౌసాయన వస్తాడు, మంచివాడు. అయితే ఒక్క మాటండీ."

"ఏంటమ్మా?"

"నిలబడి కొలవకండి, తేడా వస్తుంది. మోకాళ్ళ మీద కూర్చోవాలి."

ప్రెసిడెంటు గారు ఆమె వంక చూశారు. తర్వాత తన ప్యాంటు వంక చూసుకున్నారు, ఇస్త్రీ మడత కత్తిలా ఉంది.

"సరే," అన్నారు.